పట్టికలో నా పేరు

క్లెక్‌హీటన్
ఫిబ్రవరి మొదట్లో

ఐరిస్ వదినా,

నా తుంటి బాగుంది, లీక్ ఉల్లికాడలు బాగున్నాయి, బుర్రే బాగాలేదు. ఫోన్ చెయ్యమంటావు గానీ ఫోన్‌లో నీ మాట నాకు సగమే వినపడుతుంది. ఆ సగానికే నేను జవాబు చెబితే నీకు కోపం వస్తుంది. అందుకని ఎప్పటిలాగే కాగితం మీద.

మార్కెట్ వీధిలో పందెం దుకాణం మూసేశారు. పందేలు రాసుకుంటూ పౌలీన్ కూర్చునే కిటికీ దగ్గర ఇప్పుడు గోళ్ళకి రంగులేసే అమ్మాయిలు కూర్చుంటున్నారు. మా కూరమళ్ళ సంఘం ఆనవాయితీ నీకు తెలియనిది కాదు. శరత్కాలంలో లీక్ కాడల పోటీలో కప్పు ఎవరు గెలిస్తే, ఏప్రిల్‌లో ఎయింట్రీ పెద్ద గుర్రప్పందేనికి సంఘం మొత్తం తరఫున వాళ్ళే గుర్రాన్ని ఎంచాలి. టై కట్టుకుని వెళ్ళి తమ చేత్తో, తమ పేరు మీద పందెం కాయాలి. గెలిస్తే అందరికీ కలిపి పేడ ఎరువు తెప్పిస్తాం. ఓడితే ఆ ఎంచినవాణ్ణి ఏడాది పొడుగునా ఏడిపిస్తాం. ఇన్నేళ్ళకి కప్పు నాకొచ్చింది, అప్పుడే దుకాణం పోయింది. నా జాతకం ఎప్పుడూ ఇంతే.

"ఆన్‌లైన్‌లో వెయ్యవయ్యా, లోకమంతా అదే చేస్తోంది" అంటాడు లియొనెల్. సంఘం కార్యదర్శి, నా పక్క మడి వాడు. కప్పు చేజారినప్పట్నుంచీ నాతో మాటలు కొలిచి వాడుతున్నాడు. సంఘంలోనే ఉన్న షీనా తన టాబ్లెట్ కంప్యూటర్ నా చేతిలో పెట్టింది. తెరిస్తే కళ్ళు తిరిగాయి. ఒకడు ఒక పందేనికి మూడు ఉచితం అంటాడు, ఇంకొకడు పేరు రాస్తే చాలు బహుమతి అంటాడు, అందరి కిందా ఏవో ముద్రలు, కిరీటాలు, తాళంకప్పల బొమ్మలు. ఏది అసలు, ఏది దొంగది? సంఘం డబ్బు తీసుకెళ్ళి ఏ గజదొంగ చేతిలో పోస్తానోనని భయంగా ఉంది.

నువ్వు నగరపాలక లైసెన్సుల ఆఫీసులో పనిచేసినదానివి. ఏ బార్ తలుపు మీద ఏ కాగితం అతికించాలో చెప్పగలవు. కాస్త దారి చూపించు. నా మావిస్ బతికి ఉంటే ఇదంతా చూసి నవ్వేదో, తిట్టేదో. చివరి రెండు మూడేళ్ళు పందెం అన్న మాటే ఆమెకి గిట్టేది కాదు కదా. ఎయింట్రీ రోజు వచ్చిందంటే టీవీ ముందు కూర్చోకుండా బస్సెక్కి నీ దగ్గరికి వచ్చేసేది. ఆడవాళ్ళకి ఏది ఎప్పుడు గిట్టదో దేవుడికే తెలియాలి. సెలవులు గడపడానికి చక్రాల ఇల్లు, ఆ కారవాన్ సంగతీ అంతేగా. పదేళ్ళు దాచిపెట్టాం, ఇక కొందామనేసరికి "గోడలకి చెమ్మ, నా మోకాళ్ళకి పడదు" అని ఒక్క మాటతో తేల్చేసింది.

నీ మరిది
డెస్మండ్

*

విట్బీ
ఫిబ్రవరి మధ్యలో

కప్పు వీరుడికి,

కప్పు గెలిచినందుకు అభినందనలు. లియొనెల్ మొహం చూడలేకపోయినందుకు విచారిస్తున్నాను.

భయపడింది మంచిదే. భయపడనివాళ్ళే మునుగుతారు. ముందు ఆ బహుమతుల గోల పక్కన పెట్టు, ఎక్కువ అరిచేవాడి సరుకు ఎప్పుడూ అనుమానమే. పేజీ అట్టడుక్కి వెళ్ళు. లైసెన్సు ఎవరిచ్చారు, ఏ కంపెనీ పేరున ఇచ్చారు, దాని నంబరు ఎంత అన్నది అక్కడ ఉండాలి. ఉంది కదా అని సంతోషించకు. కిరీటం బొమ్మ అతికించడం పెద్ద విద్య కాదు. నువ్వు వేరేగా జూదాల కమిషన్ వాళ్ళ సొంత సైటుకి వెళ్ళి, వాళ్ళ బహిరంగ పట్టికలో ఆ నంబరు కొట్టు. కంపెనీ పేరూ, సైటు చిరునామా రెండూ అక్షరం తేడా లేకుండా కలవాలి. ఒకటి కలిసి ఒకటి కలవకపోతే టాబ్లెట్ మూసేసి టీ తాగు.

క్రెడిట్ కార్డు తీసుకుంటామంటే అది మన దేశపు లైసెన్సున్న దుకాణం కాదని తెలుసుకో, ఇక్కడ అది నిషేధం. పుట్టిన తేదీ, చిరునామా అడిగి ముందే తేల్చుకునేవాళ్ళని చూసి విసుక్కోకు, వాళ్ళే పద్ధతైనవాళ్ళు. నెలకి ఇంతకు మించి వెయ్యనని నీకు నువ్వే హద్దు పెట్టుకునే చోటు కూడా ఉంటుంది. పెట్టుకో. ఏడాదికి ఒక్క పందెం కాసేవాడికి హద్దు ఎందుకంటావని నాకు తెలుసు. అయినా పెట్టుకో.

ఇక్కడ గాలికి మా చెత్తబుట్ట పక్కవీధికి వెళ్ళిపోయింది. పక్కవీధి వాళ్ళది నా దగ్గరుంది. దానిమీద మూత మంచిది, తిరిగి ఇవ్వను.

ఐరిస్

*

క్లెక్‌హీటన్
ఫిబ్రవరి చివర

వదినా,

నాకేమీ అర్థం కావడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, నీకేమైనా అర్థమైతే చెప్పు.

శనివారం తోట గుడిసెలో అందరూ చేరారు. నేను టై కట్టుకునే వెళ్ళాను, ఆనవాయితీ ఆనవాయితీయే. నువ్వు చెప్పినట్టే అట్టడుక్కి వెళ్ళి, నంబరు రాసుకుని, కమిషన్ పట్టికలో చూసి, పేరూ చిరునామా కలిపి చూసి ఒక సైటు ఎంచాను. "పెళ్ళిచూపులకొచ్చిన లాయరులా ఇన్ని వాకబులా" అన్నాడు లియొనెల్. నా పేరు, పుట్టినరోజు, ఇంటి చిరునామా అన్నీ నింపాను. పందెం ముందురోజు ఆదరాబాదరా పడకుండా ఇప్పుడే ఖాతా తెరిచి పెట్టుకుందామని.

తెర మీద ఏమొచ్చిందో తెలుసా? "మీరు జూదం నుంచి మిమ్మల్ని మీరు దూరం పెట్టించుకున్నారు, కాబట్టి ఖాతా తెరవలేము, సహాయం కావాలంటే ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని. షీనా పైకే చదివేసింది పాపం, తనకి మాత్రం ఏం తెలుసు. పొరపాటనుకుని ఇంకో లైసెన్సున్న సైటు చూశాం. అదే మాట. మూడోదీ అదే మాట. గుడిసెలో అందరూ ఉన్నట్టుండి తమ టీ కప్పుల్లోకి చూసుకున్నారు.

వదినా, నా జన్మలో ఆన్‌లైన్‌లో ఒక్క పందెం కాయలేదు. జూదం పాపమని నేర్పే చాపెల్లో పెరిగినవాణ్ణి. ఏడాదికి ఒక గుర్రం, అదీ సంఘం కోసం. నలభై ఏళ్ళుగా ఆ తోటలో నా మాటంటే మాటే. మర్నాడు లియొనెల్ వచ్చి, నా దగ్గరున్న సంఘం చిల్లర డబ్బా ప్రస్తుతానికి షీనా దగ్గర ఉంటే మేలు కదా అన్నాడు. ప్రస్తుతానికి అట. చిల్లర డబ్బా పోతే పోయింది, నా పేరు పోయింది. నాకది కావాలి.

ఎవడో నా పేరు దొంగిలించాడు, అంతే. తేలేదాకా వదలను. మార్చి చివర్లో వార్షిక సమావేశం ఉంది, అందరి ముందూ లేచి నిలబడి నా పేరు కడిగేసుకుంటాను.

ఇంకో వింత. సింహం బొమ్మ ఉన్న ఒక సైటు మాత్రం నన్ను చూసి ఎక్కడలేని ఆనందపడింది. దూరం పెట్టించుకున్నా ఫరవాలేదు, మా దగ్గర అడ్డు లేదు రండి అంటోంది. అట్టడుగున లైసెన్సు దగ్గర ఏదో దీవి పేరుంది. మన కమిషన్ పట్టికలో కనపడలేదు. దాన్లో కాసేసి లియొనెల్ నోరు మూయించనా?

డెస్

*

విట్బీ
మార్చి మొదట్లో

డెస్,

ఆ సింహం జోలికి పోకు. మమ్మల్ని ఆడనివ్వకండి అని తామే రాయించుకున్నవాళ్ళ పట్టిక వేరే ఒకటుంది, లైసెన్సున్న ప్రతి సైటూ అది చూసి తీరాలి, అందుకే నీకు తలుపు తియ్యలేదు. అడ్డు లేదు రమ్మనేవాడు నీ డబ్బుకీ జవాబుదారీ కాడు, నీకూ కాడు.

ఇక మిగతాది వదిలెయ్యి. ఫోన్లూ వాకబులూ ఎందుకు. పందెం ఈసారికి లియొనెల్‌ని కాయమను, వాడికీ సంతోషం. ఊళ్ళో నాలుగు రోజులు అనుకుని మర్చిపోతారు.

నీ మడిలో పుల్లటి రూబార్బ్ కాడలు ఇప్పటికి వచ్చి ఉంటాయి. అల్లం వేసి ఉడికించు, మావిస్ చేసినట్టు. ఇక్కడ వాన.

ఐరిస్

*

క్లెక్‌హీటన్
మార్చి మధ్యలో

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అది నువ్వు రాసింది కాదనిపించింది. అక్షరం తేడా లేకుండా కలవాలని బోధించిన మనిషి, నా పేరు మీద ఎవడో దొంగరాత రాస్తే వదిలెయ్యి, రూబార్బ్ ఉడికించుకో అంటుందా? చెత్తబుట్ట మూత కోసం పక్కవీధితో పోట్లాడే మనిషివి నువ్వు. నాకు నీ ధోరణి అంతుపట్టడం లేదు.

నీ మాట వినలేదు. ఆ పట్టిక చూసే సంస్థకి ఫోన్ చేశాను. స్కాట్లాండ్ అమ్మాయి, ఓపికైన పిల్ల, నాకు వినపడేదాకా చెప్పింది. నేను దొంగతనం అన్నాను. ఆమె పట్టిక తీసి చూసింది. నా తుంటికి ఆపరేషన్ అయిన ఏడాది చివర్లో, ఐదేళ్ళకని పేరు రాయించుకున్నారట. గడువు దాటిందట, అయినా తీసెయ్యమని మనం అడిగేదాకా అది ఉంటుందట. "మీరే అని నిర్ధారించుకోవాలి, పేరు రాయించినప్పుడు మీరిచ్చిన ఫోన్‌కి అంకెలు పంపుతున్నాను, చదివి చెప్పండి" అంది. నా ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఏమీ రాలేదు. ఆమె మళ్ళీ పంపింది. మళ్ళీ రాలేదు. "ఇంకో నంబరు ఏదైనా ఉందేమో గుర్తుచేసుకోండి సార్" అంది మెల్లగా, పిచ్చివాడితో మాట్లాడినట్టు.

ఇక్కడ సంగతి చెప్పనా? లియొనెల్ నా మడి దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "అదొక జబ్బు డెస్, ఎవరూ నిన్ను తప్పుపట్టరు" అని చేతిలో ఒక కరపత్రం పెట్టాడు. ఒకటి కొట్టాలనిపించింది. షీనా క్యారెట్ కేకు తెచ్చింది. మామూలుగా చావు ఇంటికి తెస్తుంది ఆ కేకు.

కోపం సంగతి అలా ఉంచు. అసలు రాయాలనుకున్నది ఇది. నాకు వేరే భయం పట్టుకుంది. నా ఇంటి చిరునామా, నా పుట్టినరోజు అన్నీ ఎవరో సరిగ్గా ఇచ్చారు, అదీ నేను మంచంలో ఉన్న ఏడాదే. దొంగ అయితే నా డబ్బు తీసుకుపోతాడు గానీ నన్ను జూదానికి దూరం పెట్టించడం ఎందుకు? ఒకవేళ నేనే చేశానా, వదినా? ఆ నొప్పి మాత్రల మత్తులో ఏమైనా చేసి మర్చిపోయానా? మా నాన్న చివరికొచ్చేసరికి పక్కింటి గేటు తీసి మా ఇల్లనుకునేవాడు. నేను మొన్న పార మడిలోనే వదిలేసి ఇల్లంతా వెతికాను. డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి పేరు రాయించుకున్నాను. బుర్ర పరీక్ష చేస్తారట. ఇది ఇంకెవరికీ చెప్పలేదు. రాత్రిళ్ళు నిద్ర రావడం లేదు.

డెస్

*

విట్బీ
మార్చి, ఉత్తరం అందిన పూటే

డెస్,

నీ బుర్ర నిక్షేపంలా ఉంది. పార ఎక్కడ పెట్టావో మర్చిపోవడం నీకు ఇరవయ్యో ఏటి నుంచీ ఉన్న రోగం, పెళ్ళయిన కొత్తలోనే మావిస్ నాకు మొరపెట్టుకుంది. పరీక్షకి వెళ్ళనక్కర్లేదు.

జరిగింది నీకు ఎప్పుడూ చెప్పనని మావిస్‌కి మాటిచ్చాను. నీ పేరు పోయినా నిలబెట్టుకోవాలనే చూశాను. నీ మతి పోయిందని నువ్వు అనుకుంటూ ఉంటే మాత్రం నావల్ల కాదు. ఆమె ఉన్నా ఇదే చెయ్యమనేది.

నీ తుంటి ఆపరేషన్ చలికాలం గుర్తుందా? నీకు నొప్పికి నిద్ర పట్టేది కాదు, ఆమె నీ మంచం పక్కన ఫోన్ పట్టుకుని కూర్చునేది. అందులో ఒక జూదం ఆట, చేపల బొమ్మలు తిరుగుతూ ఉంటాయి, మూడు ఒకేలా పడితే డబ్బు. మొదట చిన్న చిన్నవి. ఆమె పాస్‌పోర్టు గడువు తీరిపోయింది, కారు లైసెన్సు లేదు, అందుకని ఖాతా నీ పేరు మీద తెరిచింది, నీ కాగితాలతో. చేపలు పడలేదు డెస్. కారవాన్ గోడలకి చెమ్మ పట్టలేదు. కారవానే లేకుండా పోయింది.

ఒకరోజు బస్సెక్కి వచ్చేసింది. కోటు కూడా విప్పకుండా నా వంటింటి బల్ల ముందు కూర్చుని అంతా చెప్పింది. ఇద్దరం కలిసి ఆ పట్టికలో పేరు రాయించాం. ఖాతా నీ పేరున ఉంది కాబట్టి నీ పేరే రాయాల్సి వచ్చింది. నీ పేరు, తన ఫోన్ నంబరు. పుట్టిన తేదీ మూడుసార్లు తప్పు కొట్టింది. ఏడ్చిందల్లా డబ్బుకి కాదు. "ఆయనకి ఉన్న ఒకే ఒక్క ఆస్తి ఆ పేరు, దాన్ని తీసుకెళ్ళి ఇలాంటి పట్టికలో పెట్టాను" అని. ఆ తర్వాత మళ్ళీ ముట్టుకోలేదు, అది నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఎయింట్రీ రోజు టీవీలో పందేల ప్రకటనలే కదా, అందుకని నా దగ్గరికి వచ్చేది. ఫోన్ సొరుగులో పెట్టేసి ఇద్దరం రేవు గోడ చివరిదాకా నడిచి, చీకటిపడేదాకా అక్కడే కూర్చునేవాళ్ళం. నీకు చేపా చిప్సూ కొనుక్కొచ్చేది. చల్లారిపోయాయని నువ్వు సణిగేవాడివట.

ఆమె నంబరుకి నువ్వు ఇంకా నెలనెలా బిల్లు కడుతున్నావని నాకు తెలుసు, ఎవరూ ఎత్తనప్పుడు వచ్చే ఆ రికార్డు పలకరింపులో ఆమె గొంతు వినడానికి. ఫోన్‌కి ఛార్జింగ్ పెట్టి చూడు. అంకెలు అక్కడికే వెళ్ళి ఉంటాయి.

సమావేశంలో నిజం చెప్పుకునే హక్కు నీకుంది. కావాలంటే నేనూ వచ్చి నీ పక్కన నిలబడతాను. ఆమె మీద కోపం వస్తే పడు, నా మీద వస్తే రాయి.

ఐరిస్

*

క్లెక్‌హీటన్
మార్చి ఆఖర్న

వదినా,

కోపం వచ్చింది. అబద్ధం ఎందుకు, రెండు రోజులు ఇంట్లో ఆమె కుర్చీ వైపు చూడలేదు. డబ్బుకి కాదు. నాకు చెప్పలేదని. తర్వాత ఆలోచిస్తే, చెబితే ఏం చేసేవాణ్ణో నాకు తెలిసింది. చాపెల్ పాఠమంతా ఆమెకి అప్పజెప్పేవాణ్ణి. ఆమెకీ అది తెలుసు.

ఆ రాత్రులు నాకు గుర్తున్నాయి. ఫోన్ వెలుగులో ఆమె మొహం కనపడేది. గళ్ళ నుడికట్టు చేస్తోందనుకున్నాను. "ఏం, మాట దొరకడం లేదా" అని అడిగాను ఒకసారి. "దొరుకుతుందిలే, నువ్వు పడుకో" అంది. అంత దగ్గరగా పడుకుని ఉన్నాను వదినా. చెయ్యి చాస్తే అందేంత దూరం.

ఫోన్‌కి ఛార్జింగ్ పెట్టాను. అంకెలు రెండుసార్లూ దానికే వచ్చి ఉన్నాయి.

సమావేశానికి నీ ఉత్తరం జేబులో పెట్టుకుని వెళ్ళాను. నిజం చెప్పేద్దామనే వెళ్ళాను, నీకు అబద్ధం చెప్పను. ఇతర విషయాలు అన్న దగ్గరికి రాగానే లేచి నిలబడ్డాను. అందరూ మళ్ళీ టీ కప్పుల్లోకి చూసుకున్నారు. గుడిసె కిటికీలోంచి ఆమె నాటిన గులాబీ తుప్ప కనపడుతోంది, దాని పక్కన, ఆమె పోయాక షీనా వాళ్ళు ఆమె పేరున వేయించిన బల్ల. పిల్లలకి బఠానీలు ఒలిచి పెట్టేది ఆ చోటే, తుప్ప పక్కన కూర్చుని. ఆ బల్ల మీద పేరు కింద "అందరికీ కావలసిన మనిషి" అని చెక్కించారు, నువ్వూ చూశావు.

"అవును, ఆ పట్టికలో ఉన్నది నేనే" అన్నాను. "తుంటి ఆపరేషన్ అప్పుడు ఆడాను. చాలా పోగొట్టాను. మావిస్ ఆపించింది." అంతే అని కూర్చున్నాను. మూడు ముక్కల్లో చివరిదొక్కటే నిజం, అదే గట్టిగా చెప్పాను.

షీనా నా భుజం తట్టి మళ్ళీ కేకు కోసింది. ఆ కేకు నుంచి నాకు విముక్తి లేదు. పందెం ఈసారి షీనా కాస్తుంది, నువ్వు చెప్పిన వాకబులన్నీ నేను పక్కన కూర్చుని చేయించాను. గుర్రాన్ని మాత్రం నేనే ఎంచాను. దాని కాళ్ళు నాకంటే అధ్వాన్నంగా ఉన్నాయట.

అందరూ వెళ్ళాక లియొనెల్ ఆగాడు. పార కడుగుతూ చాలాసేపు కడిగాడు. చివరికి, "ఆ పట్టికలో పేరు రాయించుకోవాలంటే ఎలా డెస్? మా బంధువు ఒకతనికి" అన్నాడు. నేను అతని మొహం చూడలేదు. ఫోన్ నంబరు రాసిచ్చి, ఓపికైన స్కాట్లాండ్ అమ్మాయి ఉంటుంది, వినపడేదాకా చెబుతుంది అన్నాను. సంఘం డబ్బా షీనా దగ్గరే ఉంటే మేలు అని అతనే మళ్ళీ అన్నాడు. ఈసారి ప్రస్తుతానికి అనలేదు.

ఒక్క ఫోన్ చేస్తే నా పేరు తీసేస్తారు. తియ్యమనను. నా పేరు పాడుచేశానని ఏడ్చిందన్నావే, పాడు కాలేదని ఆమెకి చెప్పే దారి నాకు ఇదొక్కటే కనపడుతోంది. ఆమె మూడుసార్లు దిద్ది రాసిన చోటే ఉండనీ.

ఎయింట్రీ రోజు పొద్దున బస్సుకి నీ దగ్గరికి వస్తున్నాను. ఫోన్లు రెండూ ఇంట్లో సొరుగులో పెట్టి వస్తాను. రేవు గోడ చివరిదాకా నడుద్దాం, నా తుంటి కోసం మధ్యలో ఆగాల్సి వస్తుంది. చిప్స్ నేను కొంటాను. చల్లారిపోయినా సణగను.

డెస్